మార్కాపురము నీళ్లు, జపాను తేయాకు

ఒంగోలు నుండి పడమరగా పోవుకొలది నేల రంగు మారును. పొదిలి దాటిన పిమ్మట చెట్లు పొట్టివగును, బండలు పెద్దవగును, ఆకాశపుటంచున నల్లమల నీలపుగీతవలె కానవచ్చును. ఆ గీత నీడనున్నవే మార్కాపురము, కంభము, గిద్దలూరు. ఇవి పూర్వము కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు ఇందు చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు వచ్చినది. జిల్లాల హద్దులు మారవచ్చును, పేర్లు మారవచ్చును. వేసవిలో అతిథి వాకిట నిలిచినపుడు ఈ సీమలోని యిల్లాలు మొట్టమొదట తలచునది మాత్రము మారలేదు. కుండలో నీళ్లున్నవా?

మార్కాపురమును కన్నులార చూడనివారును మార్కాపురపు పలకను చేతబట్టియుందురు. ఇచ్చటి భూమిపొరలలోని నల్లని పలకరాయిని పలుచగా చీల్చి, చట్రము బిగించి, నానాదేశపు బడిపిల్లలకు పంపిన ఊరిది. నేడు పిల్లలు కాగితములకు అలవాటుపడుటచే ఆ పని సన్నగిల్లి, అదే రాయి గోడలకును నేలలకును బిళ్లలుగా కోయబడి ఓడలెక్కి పోవుచున్నది. మా యింటివారు బడిపంతులు. అక్షరాభ్యాసమునకు నేటికిని పలకయే కావలెనని పట్టుపట్టువారు. ఊరి పేరునకు ఒక కథ కలదు. మారిక యను గొల్లయిల్లాలు స్వామికి పాలు సమర్పించెడిదనియు, ఆమె పేర మారికాపురమై, అదియే వాడుకలో మార్కాపురమైనదనియు చెన్నకేశవస్వామి కోవెల చెంత ఇప్పటికిని చెప్పుకొందురు. పాల పేరున పుట్టిన ఊరు నీళ్ల పేరున నిట్టూర్చుచున్నది!

ఇట్టి ఊరికి మొన్నటి వైశాఖమున మా ఆడుబిడ్డగారి చిన్నకూతురు హైదరాబాదునుండి ఒక రేకుడబ్బా తెచ్చినది. మూత తీయగా లోపల గోరింటాకు నూరి ఎండబెట్టినట్టి పచ్చనిపొడి. వాసన చూడగా వానకు తడిసిన పచ్చగడ్డి తలపునకు వచ్చినది.

"ఏమిటమ్మా ఇది?"

"మచ్చా అత్తా. జపాన్ టీ. చల్లటి పాలల్లో, ఐసు వేసుకొని తాగుతాం. హైదరాబాదులో గ్లాసు మూడువందల పైమాటే."

మచ్చ యనగా మన భాషలో కళంకము గదా, త్రాగెడి వస్తువునకు ఇదేమి పేరని మేము నవ్వితిమి. ఆ పిల్లయు నవ్వినది, కాని పెదవులు విప్పలేదు. పెదవులు విప్పి నవ్వుట అది పదియేండ్ల ప్రాయముననే మానుకొన్నది. దానికి కారణము ముందు చెప్పెదము.

జపాను భాషలో ఆ మాటకు 'నూరిన తేయాకు' అని యర్థమట. 'లాటే' యనునది ఇటలీవారి మాట, అనగా పాలు. ఐసై యను బౌద్ధభిక్షువు 1191లో చీనాదేశమునుండి తేయాకు విత్తనములు తెచ్చి, పొడిని వేడినీట చిలికి త్రాగుటను తన దేశమున నెలకొల్పెనని చెప్పుదురు. చీనాలో ఆ వాడుక అటుపిమ్మట అణగిపోగా, జపానులో నిలిచి, పదునారవ శతాబ్దమున సెన్ నో రిక్యూ యను నాతనిచేత ఒక వ్రతమువలె తీర్చబడినది. క్యోటో చెంతనున్న ఉజి యీ పొడికి పెట్టినది పేరు. ఆకు కోయుటకు ఇంచుమించు మూడు వారముల ముందునుండియే తోటపై పందిరివేసి ఎండ తగులకుండ కాతురు. మన తమలపాకు తోటలకు నీడ పట్టినట్లే యనుకొనుడు. నీడనున్న ఆకు వెలుతురుకై తహతహలాడి మరింత పచ్చనగును. వగరు తగ్గి తీపి నిలుచును. అట్టి ఆకును ఆవిరిపట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసి, రాతి తిరుగలిలో విసరుదురు. ఒక తిరుగలి గంటసేపు తిరిగినను రాలునది నలువది గ్రాములకు మించదట! మా అత్తగారే యుండినచో ఆ తిరుగలిని గడపదాటించియుందురు. వెల హెచ్చుగా నుండుటకు ఇదియొక కారణము. లోకమంతయు ఒక్కసారిగా దీనిపై మోజుపడుట రెండవది. 2024వ సంవత్సరపు శరత్తున క్యోటోలోని ప్రసిద్ధమైన అంగళ్లే ఒక్కొక్కరికి ఇంతయేయని హద్దు పెట్టవలసివచ్చినది.

చేయు విధము కష్టమైనది కాదు. ఒక చిన్నచెంచాడు, తలగీచి, అనగా రెండు గ్రాముల పొడిని సన్నని జల్లెడలో వేసి గిన్నెలోనికి దించవలెను. ఇది చేయనిచో ఉండలు కట్టును, ఎంత చిలికినను విడవవు. నీరు తెర్లుచుండగా పోయరాదు, పోసినచో చేదెక్కును. తెర్లిన నీటిని వెడల్పుపాత్రలో పోసి కొంతసేపు ఉంచి, ఆవిరి నెమ్మదించిన పిదప, అరకప్పునకు తక్కువగా తీసికొనవలెను. చక్కెర కావలసినవారు ఈ వేడినీటనే కరగించుకొనుట మేలు. చల్లని పాలలో అది అడుగున కూర్చుండును. చిలుకుటకు జపానువారు వెదురును సన్నని పుల్లలుగా చీల్చిన కుంచెను వాడుదురు. మాకు అది లేదు. మజ్జిగ చిలుకు చిన్నకవ్వము తీసికొంటిమి. "గుండ్రంగా కాదత్తా, ముందుకీ వెనక్కీ" అని పిల్ల చెప్పుచుండగా రెండు నిమిషములలో నురుగు లేచినది. కవ్వమునకు రాని విద్య లేదు. తరువాత గాజుగ్లాసులో మంచుగడ్డలు వేసి, మీగడ తీసిన చల్లనిపాలు ముప్పాతిక పోసి, పైనుండి ఆ పచ్చని నురుగును మెల్లగా వంచవలెను. క్రింద తెలుపు, మీద పచ్చ. శ్రావణమాసపు చీరయంచు వలె ముచ్చటగా నుండును. కలిపి త్రాగవలెను. మా గేదెపాలు చిక్కనివగుటచే కొంత నీరు కలిపితిమి; లేనిచో ఆకురుచి మునిగిపోవును. రుచి యెట్లున్నదందురా? మొదటి గుక్క అవిసాకు, రెండవ గుక్క పాలకోవా. మూడవ గుక్కకు గ్లాసు మరల అడుగవలెననిపించినది.

గ్లాసు చేతికీయబోవుచుండగా పిల్ల అడిగినది:

"అత్తా, ఈ ఐసు ఏ నీళ్లతో పెట్టావు?"

"క్యాను నీళ్లతోనే తల్లీ. బోరునీళ్లు పోస్తానా?"

హైదరాబాదులో ఎవ్వరును వేయని ప్రశ్న యిది. మా సీమలో పుట్టినవారు మాత్రమే వేయుదురు. మా భూగర్భజలమున ఫ్లోరైడు అను లవణము కలదు. రాళ్లలోనున్న ఖనిజములనుండి అది నీటిలోనికి కరగును. వానలు తక్కువై, బోరులు లోతై, నీరు ఏండ్లతరబడి రాతినంటియున్న చోట్ల అది హెచ్చు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు మంచిది; వేరు ఆధారము లేనిచోట ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చునని మన దేశపు ప్రమాణము. అది మించినచో పిల్లల పండ్లమీద గోధుమవన్నె చారలు పడును. మరియు హెచ్చై ఏండ్లు గడచినచో వెన్నును మోకాళ్లును బిగిసి మనిషి వంగిపోవును. చెన్నపురి రాజధానిలో ఈ వ్యాధి కలదని వైద్యులు 1937లో ప్రకటించినపుడు వారు చూచినది నాటి నెల్లూరు జిల్లా పల్లెలను. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు నాడు ఆ జిల్లాలోనివే. అనగా దేశమునకు ఈ వ్యాధిని మొదట చాటినది మన యిరుగుపొరుగే.

సోదరీమణులారా, ఇచ్చట రెండు సంగతులు గట్టిగా చెప్పవలసియున్నది. నీళ్లు కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయినకొలది మిగిలిన నీటిలో అది చిక్కబడును. మంచుగడ్డ కట్టినను పోదు. పెట్టెలో పోసినంతయు గడ్డయందుండి, కరగి గ్లాసులోనికి వచ్చును. ఇక తేయాకు మాట. తేయాకుచెట్టు తానుండు నేలలోని ఫ్లోరైడును పీల్చి ఆకులలో దాచుకొనును. లేతాకున తక్కువ, ముదురాకున హెచ్చు. సామాన్యమైన తేనీటిలో ఆకు వడగట్టి పారవేయుదుము. ఈ పొడియందు ఆకంతయు కడుపులోనికి పోవును. లేతాకు పొడి గనుక భయపడవలసినంత లేదు, అప్పుడప్పుడు ఒక గ్లాసు త్రాగుటకు అడ్డు లేదు. కాని బోరునీటిలోనే మోతాదు మించియున్న యింట దానిపై ఇదియు చేరుట తగునా? పాలలోని కాల్షియము కొంత ఫ్లోరైడును ఒంటబట్టనీయక పట్టియుంచును. ఆ లెక్కన నీటిలో కలుపుకొనుటకంటె పాలలో కలుపుకొనుటయే మా సీమకు మేలు. మరియొక మాట: తేయాకు ఏదైనను, భోజనముతోపాటు త్రాగినచో అన్నములోని యినుమును ఒంటికి పట్టనీయదు. రక్తము తక్కువైన ఆడువారు మనలో కొల్లలు. భోజనమునకు గంట ఎడముగా త్రాగుడు. ఒక గ్లాసున నలువది మొదలు తొంబది మిల్లీగ్రాముల వరకు కెఫీను ఉండవచ్చును గనుక చిన్నపిల్లలకు వలదు, గర్భిణులు మితము తప్పరాదు, రాత్రివేళ ఎవ్వరికిని వలదు.

మరునాడు పిల్లను దాని పుట్టింట దింపుటకు బయలుదేరితిమి. గిద్దలూరు ఆవల, నల్లమల మొదట, ఒక చిన్నపల్లె మా ఆడుబిడ్డగారిది. ఆ వారముననే పిల్లకు పెండ్లిచూపులు. డబ్బా సంచిలో వేసికొని, కవ్వము పైటచెంగున చుట్టి, మార్కాపురము రోడ్డు స్టేషనులో గుంతకల్లు వైపు పోవు రైలెక్కితిమి. తర్లుపాడు దాటునప్పటికే గాలి కొలిమియైనది. ఈ సీమలో ఎండ నలువదియైదు డిగ్రీలు దాటుట యెరుగనిది కాదు.

కంభములో దిగి చెరువు చూడక పోవుట మాకు మనసొప్పలేదు. రెండు కొండల నడుమ పారు గుండ్లకమ్మకు అడ్డముగా కట్టవేసి, కొండలనే గోడలుగా చేసికొన్న చెరువిది. పదునారవ శతాబ్దారంభమున వరదరాజమ్మ యను రాచయిల్లాలు కట్టించెనని ప్రతీతి. 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడముల పట్టికలో చేర్చబడినది. కృష్ణరాయలవారిని పెండ్లాడిన గజపతి రాజపుత్రి యొకతె భర్తృప్రేమకు దూరమై ఈ కంభముననే నివసించెననియు, తుక్కాపంచకమను అయిదు సంస్కృతశ్లోకములు ఆమెవే యనియు పెద్దలు చెప్పగా మేము చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద ఆ శ్లోకములు వల్లించితిమి. ఆ యిరువురు రాణులును ఒక్కరే యనువారును కలరు. ఆ తగవు పండితులకు విడుతము. చెరువును చూచుచున్నంతసేపు మాకు తోచినది వేరు: తన దుఃఖమును శ్లోకముగా చెప్పుకొన్న స్త్రీలు మన దేశమున కొందరు కలరు, అయిదువందల యేండ్లు పొలములకు పారునట్లు కట్టించిన స్త్రీ యెందరు కలరు? వేసవి గనుక నీరు చాల వెనుకకు తీసియుండెను. బయటపడిన బురదలో కొంగలు తిరుగుచుండెను.

కంభమునుండి గిద్దలూరు వరకు బస్సు. బస్సు దిగినచోట నన్నారి షర్బతు బండి యుండగా, పిల్ల డబ్బాను మరచి దానివైపే నడచినది. నల్లమలలో దొరకు సుగంధపు వేళ్లతో చేయు ఈ పానకము ముందు ఉజి పొడియైనను తలవంచవలసినదే. అయితే వేరు త్రవ్వినచో తీగ చచ్చును. అడవిలో ఆ తీగ ఏటేట అరుదగుచున్నది. జపానువారు చెట్టును నిలిపి ఆకు కోయుదురు, మనము చెట్టునే త్రవ్వి త్రాగుచున్నాము.

పల్లె చేరునప్పటికి ప్రొద్దు వాలినది. మా వదినగారికి ఏబదియైదేండ్లు. పెద్దకూతురి కొడుకు, నాలుగేండ్లవాడు, ఆమె యొద్దనే పెరుగుచున్నాడు. డబ్బా చూచి, కథ విని, "గోరుచుట్టుకు పూసే మందులా ఉంది, దీన్ని తాగుతారా?" అన్నారు. పిల్ల నవ్వి, పెట్టెలోని మంచుగడ్డలు తీయబోగా వదినగారు చేయి పట్టి ఆపినారు.

"ఆగవే. అది బోరునీళ్ల ఐసు. సీసాలు కడగడానికి పెట్టాను. పొద్దున్న చూద్దువుగాని."

2019లో మొదలైన జలజీవన మిషను క్రింద ఊరికి అయిదుగురు స్త్రీలకు నీటిని పరీక్షించుట నేర్పుదురు. ఆ యైదుగురిలో మా వదినగారొకరని అప్పుడు తెలిసినది. ఆమె చదివినది ఏడవ తరగతి. మరునాటి యుదయము వసారాలో పీటవేసి, పరీక్షపెట్టె తెరచి, మూడు గాజుగొట్టములు వరుసగా నిలిపిరి. ఒకదానిలో బోరునీరు, ఒకదానిలో ఊరి చివర, వాగు ప్రక్కనున్న పాతబావినీరు, మూడవదానిలో మేము మార్కాపురమునుండి సీసాలో తెచ్చుకొన్న క్యాను నీరు. ఒక్కొక్క దానిలో మందు బొట్లువేసి ఊరక చూచుచుండిరి. మందు గులాబివన్నె. నీటిలో ఫ్లోరైడు తక్కువైనచో ఆ గులాబి నిలుచును. హెచ్చైనకొలది పసుపునకు తిరుగును. పెట్టెతో వచ్చిన రంగుల పట్టికతో సరిచూచి లెక్క చెప్పవలెను.

బోరునీరు చూచుచుండగానే పసుపైనది. పట్టికలో మూడవ గడి. క్యాను నీరు గులాబిగా నిలిచినది. బావినీరును గులాబిగానే నిలిచినది!

వాగు పారినపుడు ఊరు బావినీరు రాతిలో ఏండ్లకేండ్లు నానినది కాదు. మా వదినగారు కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఊరంతయు ఆ బావినీరే త్రాగెడిది. ఇంటిముంగిట బోరు పడిన పిదప బిందె మోయుట తప్పినదని అందరును సంతసించిరి. పిల్ల పుట్టినది ఆ బోరు పడిన యేటనే. శాశ్వతదంతములు చిగుళ్లలో గట్టిపడునది ఎనిమిదేండ్ల లోపుననే; ఆ యెనిమిదేండ్లును అది త్రాగినది బోరునీరు. పండ్లమీద ఆ చారలు ఎంత తోమినను పోవు. పట్నములో వైద్యుడు పైపూత వేయవచ్చుననెనట. వెల విని ఊరకుండినది.

వదినగారు మూడు గొట్టములను వెలుతురునకు ఎత్తిపట్టి కూతురివైపు చూచిరి. కూతురు తల్లివైపు చూడక గొట్టములవైపే చూచినది. కొంతసేపటికి,

"వాడికి ఏ నీళ్లు పడుతున్నావమ్మా?" అని మాత్రమడిగినది.

"ఈ పెట్టె వచ్చిన మర్నాటి నుంచీ బావివే. కాచి చల్లార్చి. పొద్దున్నే రెండు బిందెలు."

"నువ్వే మోస్తున్నావా?"

"నాకు మోకాళ్లున్నాయిగా ఇంకా."

కృష్ణనీటిని శ్రీశైలము వెనుకనుండి నల్లమలను తొలిచి ఇటు తేవలెనను వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. పూల సుబ్బయ్యగారి పేరు పెట్టిరి. ఒక్కొక్కటి పదునెనిమిది కిలోమీటర్లకు పైబడిన రెండు సొరంగములు పూర్తియైనవని 2024 మార్చిలో జాతికి అంకితము చేసిరి. పదునైదు లక్షలమందికి త్రాగునీరీయవలెనని అందలి సంకల్పము. శంకుస్థాపననాడు మా వదినగారు ఇరువదియారేండ్ల ఇల్లాలు. సొరంగములు రాతిని తొలుచుచున్నంతకాలమును ఈ యిండ్లలో పాలపండ్లూడి క్రొత్తపండ్లు మొలచుచునే యున్నవి.

పెండ్లిచూపులకు వచ్చువారికి ఏమి యిత్తమని ఆ పూట ఆలోచన సాగినది. పిల్ల పట్టుపట్టి, తాను తెచ్చిన పొడియే చేసెదననినది. వదినగారు ముందురోజు రాత్రియే బావినీరు కాచి, చల్లార్చి, గడ్డపెట్టెలో పోసిరి. మా కవ్వముతో మేము చిలికితిమి. వరుని తల్లి ఒక గుక్క త్రాగి, "ఇదేం నీళ్లమ్మా, చల్లగా బాగున్నాయి" అన్నది. పచ్చదనమును గూర్చి యేమియు అనలేదు. ఆమె యూరు కనిగిరి వైపు. తరువాత తన చిన్నకొడుకు పండ్లు పిల్లకు చూపించి, నీళ్ల పరీక్ష ఎట్లు చేయుదురని మా వదినగారిని ప్రక్కకు పిలిచి అడిగినది. ఆ యిరువురును వసారాలో పీటలమీద కూర్చుండి గాజుగొట్టములు ముందుంచుకొని చాలసేపు మాటలాడిరి. పెండ్లికొడుకును ఎవ్వరును పట్టించుకొనలేదు. అతడు లేచి పోయి, రెండవ గ్లాసు కావలెనని పిల్లనే అడిగినాడు. అప్పుడది నవ్వుట వంటయింటి కిటికీనుండి మేము చూచితిమి; పెదవులు కొంచెము విడివడినవి.

సంబంధము ఇంకను మాటలలోనే యున్నది. మేము తిరిగివచ్చునపుడు కవ్వము మాతో తెచ్చుకొంటిమి గాని, డబ్బా అచ్చటనే యుండినది. పొడికి వెలుతురును గాలియు తగిలినచో పచ్చదనము పోయి ఎండుటాకు వన్నె వచ్చునని పిల్ల చెప్పగా, వదినగారు దానికి మూత బిగించి, చల్లని పెట్టెలో, పరీక్షమందు సీసా ప్రక్కన పెట్టినారు.